హాల్లో ఆగిపోయే సమానత్వం: నాయకత్వంలో మహిళల కోసమని సంస్థలకు అమ్మే శిక్షణ ప్యాకేజీలపై సమీక్ష

పై పదవుల్లో మహిళల వాటా పెంచుతామని సంస్థలకు అమ్మే ప్యాకేజీలు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. సగం రోజు వర్క్‌షాప్, ముప్పావుగంట ఆన్‌లైన్ మాడ్యూల్, ఎంపిక చేసిన మహిళా ఉద్యోగులకు కొన్ని నెలల నాయకత్వ కోర్సు, మెంటార్ల జతలు, అంకెలు చూపే డాష్‌బోర్డ్, చివర్లో ఒక నివేదిక. కన్సల్టెంటు మారితే పేర్లు మారతాయి, స్లైడ్ల రంగులు మారతాయి, సరుకు మాత్రం అదే. అందుకే ఇక్కడ ఏ ఒక్కరి సరుకునో కాకుండా ఈ మూసనే భాగాలుగా విప్పి చూస్తున్నాం. కొలబద్ద ఒక్కటే: సంస్థ లోపలి నుంచి వచ్చే ప్రతిఘటనను ఏ భాగం తట్టుకుంటుంది, ఏ భాగం దానికి ఇంకాస్త ఎరువు వేస్తుంది?

తీర్పు ముందే చెప్పేస్తాం. బ్రోషర్‌లో కంటికి ఇంపుగా కనిపించే భాగాలే బలహీనమైనవి. ప్రమోషన్ ఫారం తిరగరాయడం, షార్ట్‌లిస్టుకు నియమం పెట్టడం, ప్యానెల్లో ఎవరు ముందు మాట్లాడాలో తేల్చడం లాంటి నీరసమైన పనులే ఫలితం ఇస్తాయి. చాలా ప్యాకేజీల్లో అవి చివరి పేజీలో 'అదనపు సేవలు' కింద ఉంటాయి. కొన్నింటిలో అసలే ఉండవు.

ప్రతిఘటన అంటే ఎవరు

అమ్మేవాళ్ళ దృష్టిలో ప్రతిఘటన అంటే మీటింగులో లేచి "ఇదంతా అనవసరం" అనే మనిషి. నిజానికి అతనితో పెద్ద ఇబ్బంది లేదు, కనీసం ఎక్కడున్నాడో తెలుస్తుంది. మైకేల్ ఫ్లడ్, మాలీ డ్రాగీవిచ్, బాబ్ పీస్ అనే పరిశోధకులు ఈ ప్రతిఘటనకు ఎనిమిది రూపాలు చెప్పారు. సమస్యే లేదనడం. ఉంటే ఉండొచ్చు గానీ అది నా పని కాదనడం. ఒప్పుకుని కూడా ఏమీ చేయకపోవడం. అడిగేవాళ్ళ నోరు మూయించడానికి ఏదో కొంచెం విదిలించడం. మార్పు తెస్తున్నట్టు నటిస్తూ లోపల్లోపల గండి కొట్టడం. సమానత్వపు భాషనే తిప్పి అసమానతకు వాడుకోవడం. మొదలైన కార్యక్రమాన్ని వెనక్కి లాగేయడం. చివరిది హింస.

ఈ జాబితాను పక్కన పెట్టుకుని బ్రోషర్లు చదివితే సంగతి తెలిసిపోతుంది. మొదటి రూపానికి మందు ఉంది, మిగతా ఏడింటికి లేదు. పై పదవుల దగ్గర రోజూ జరిగేవి మాత్రం మూడో, నాలుగో, ఐదో రూపాలు. పాము చావకుండా, కర్ర విరగకుండా సాగే వ్యవహారం అది. "ముందు ఒక విభాగంలో పైలట్‌గా చూద్దాం" అని మొదలుపెట్టి ఆ పైలట్‌ను ఎప్పటికీ ముగించకపోవడం, ఇంకొంత డేటా వచ్చాక మాట్లాడదామనడం, కమిటీ వేసి దానికి బడ్జెట్ గానీ సంతకం పెట్టే అధికారం గానీ ఇవ్వకపోవడం. వీటిలో ఎవరూ దేన్నీ కాదనలేదు. కాదనలేదు కాబట్టే పట్టుకోవడం కష్టం.

2018లో బ్రిటన్ ప్రభుత్వం అక్కడి పెద్ద లిస్టెడ్ కంపెనీలు బోర్డుల్లోకి మహిళలను తీసుకోకపోవడానికి చెప్పిన సాకుల్లో మరీ ఘోరమైనవి ఏరి బయటపెట్టింది. మా బోర్డులో ఇప్పటికే ఒకావిడ ఉన్నారు, మా వంతు అయిపోయింది, ఇక వేరేవాళ్ళ వంతు అన్నది అందులో ఒకటి. మంచివాళ్ళందరినీ ఇప్పటికే ఎవరో తీసేసుకున్నారన్నది ఇంకొకటి. ఈ రెండూ సమస్యను కాదనడం లేదు చూడండి, ఒప్పుకుంటూనే తలుపు వేసేస్తున్నాయి. ఇలాంటి మాటలకు మనసు మార్చే వర్క్‌షాప్ జవాబు కాదు. ఖాళీలెన్ని వచ్చాయి, ఎన్ని పేర్లు చూశారు, ఎవరిని ఏ కారణంతో పక్కన పెట్టారు అన్న లెక్కే జవాబు.

సగం రోజు వర్క్‌షాప్

ప్యాకేజీలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది ఇదే. వరస కూడా అందరికీ తెలిసిందే: మనకు తెలియకుండా మనలో ఉండే పక్షపాతం గురించి ఒక ఉపన్యాసం, కంప్యూటర్ మీద పదాలను బొమ్మలను జతచేసే పరీక్ష, గుంపులుగా చర్చ, చివర్లో ప్రతిజ్ఞ కార్డు మీద సంతకం.

ఆ జతల పరీక్షను ఆంథనీ గ్రీన్‌వాల్డ్, ఆయన సహచరులు 1998లో పరిశోధన కోసం ప్రచురించారు. కొలిచే సాధనాన్ని మందుగా వాడటంలోనే చిక్కు ఉంది. 2019లో 492 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో, ఇలాంటి పరీక్షల్లో అంకెను కాస్త మార్చడం సాధ్యమే గానీ ఆ మార్పు వల్ల ప్రవర్తన మారుతుందనడానికి ఆధారం దొరకలేదు. థర్మామీటర్ను చల్లటి నీళ్ళలో ముంచితే జ్వరం తగ్గదు కదా.

ఇంకో లోపం మొదటి స్లైడ్‌లోనే ఉంటుంది. ఎవరూ నొచ్చుకోకూడదని "పక్షపాతం అందరిలోనూ ఉంటుంది, అది సహజం" అని మొదలుపెడతారు. మిషెల్ డ్యుగిడ్, మెలిస్సా థామస్-హంట్ 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ మాటే ఎదురుతన్నింది. మూసాభిప్రాయాలు అందరికీ ఉంటాయని విన్నవాళ్ళు ఆ తర్వాత మనుషులను ఇంకా ఎక్కువ మూసగా అంచనా వేశారు. అందరూ చేస్తున్న తప్పు తప్పులా అనిపించదు మరి. చాలామంది ఆ అలవాటును దాటడానికి ప్రయత్నిస్తున్నారని చెప్పినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదు. స్లైడ్ మీద ఒక్క వాక్యం మార్చడానికి ఖర్చేమీ లేదు, అయినా పాత వాక్యమే ఇంకా తిరుగుతోంది.

తప్పనిసరి హాజరు సంగతి ఇంతకన్నా ముఖ్యం. ఫ్రాంక్ డాబిన్, అలెగ్జాండ్రా కాలెవ్ అమెరికాలో 800కు పైగా సంస్థల మూడు దశాబ్దాల వివరాలు పరిశీలించి 2016లో రాసినదాని ప్రకారం, మేనేజర్లకు ఈ శిక్షణను తప్పనిసరి చేసిన ఐదేళ్ళకు మేనేజర్లలో తెల్లజాతి మహిళల వాటా మెరుగుపడలేదు. నల్లజాతి మహిళల వాటా సగటున 9 శాతం తగ్గింది. స్వచ్ఛందంగా వచ్చిన చోట ఈ తగ్గుదల లేదు. బలవంతంగా కూర్చోబెట్టినవాడు బయటికొచ్చాక తన స్వతంత్రం చూపించుకుంటాడు. హాల్లో తల ఊపడం, సీటుకు తిరిగొచ్చాక పాత పద్ధతిలోనే సంతకాలు పెట్టడం, రెండూ ఒకే మనిషి చేసే పనులే.

అలాగని హాజరును పూర్తిగా ఎవరిష్టానికి వాళ్ళకు వదిలేస్తే వచ్చేది ముందే ఒప్పుకున్నవాళ్ళు. మధ్యేమార్గం ఒకటుంది. వర్క్‌షాప్ ఎవరికీ తప్పనిసరి చేయకండి. కానీ ప్రమోషన్ ప్యానెల్లో కూర్చోవాలంటే కొత్త ఫారం వాడటం నేర్చుకుని రావాలన్న నియమం పెట్టండి. నాలుగు గంటలు అక్కర్లేదు, గంటన్నర చాలు. ప్యానెల్ కూర్చునే ముందు రెండు వారాల లోపు జరగాలి, ఆరు నెలల ముందు జరిగితే ఎవరికీ గుర్తుండదు. బయటి ఉదాహరణలు కాకుండా అదే సంస్థ పాత అప్రైజల్ (పనితీరు అంచనా) ఫారాలు నాలుగైదు, పేర్లూ గుర్తులూ తీసేసి, చేతికివ్వాలి. "మీలో లోపముంది" అని చెప్పించుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. "ఈ ఫారంలో లోపముంది, ఎక్కడో పట్టుకోండి" అంటే ఇంజనీరు మొదలు అకౌంటెంటు దాకా అందరూ పెన్ను తీస్తారు.

వర్క్‌షాప్ నడిపే ఫెసిలిటేటర్ ఎలాంటివాడో తేలేది 'మెరిట్' అన్న మాట గదిలో పడినప్పుడు. ఆ మాట వస్తుంది, ప్రతిసారీ వస్తుంది. చేతకాని ఫెసిలిటేటర్ నీతిబోధలోకి దిగుతాడు, గది రెండుగా చీలిపోతుంది. పని తెలిసినవాడు మెరిట్‌ను ఒప్పుకుని, "కిందటి మూడు ప్రమోషన్లలో మెరిట్‌కు కొలత ఏమిటి, అది ఏ కాగితంలో ఉంది, పేర్లు రాకముందే రాశారా?" అని అడుగుతాడు. ఎమిలియో కాస్టిల్లా, స్టీఫెన్ బెనార్డ్ 2010లో ప్రచురించిన ప్రయోగాలు ఇక్కడ పనికొస్తాయి. "మా సంస్థలో మెరిట్‌కే విలువ" అని గట్టిగా చెప్పిన సందర్భంలో, మేనేజర్ల పాత్రలో ఉన్నవాళ్ళు సమానంగా పనిచేసిన స్త్రీకన్నా పురుషుడికి ఎక్కువ బోనస్ ఇచ్చారు. నేను న్యాయంగానే ఉన్నానన్న ధీమా వచ్చాక చెయ్యి కాస్త వదులవుతుంది. డెమో సెషన్ అడిగి, ఈ మాట మీరే వేసి చూడండి. కన్సల్టెంటును ఎంచుకోవడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఆన్‌లైన్ మాడ్యూల్ గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. 2019లో ఎడ్వర్డ్ చాంగ్ బృందం ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థలో మూడు వేలమందికి పైగా ఉద్యోగులపై గంటసేపటి ఆన్‌లైన్ శిక్షణను పరీక్షించింది. వైఖరుల్లో కొంత కదలిక వచ్చింది, ఎవరి ప్రవర్తన మారాలని అది పెట్టారో వాళ్ళలో మార్పు దాదాపు కనిపించలేదు. క్విజ్ జవాబులు పక్క సీటువాళ్ళను అడిగి రాసే పద్ధతి ఎలాగూ ఉండనే ఉంది. చట్టానికి రుజువు చూపడానికి కావాలంటే తీసుకోండి, నాయకత్వంలో మార్పు కోసం మాత్రం వద్దు.

మహిళలకు మాత్రమే పెట్టే కోర్సు

ఆత్మవిశ్వాసం, బేరమాడటం, గదిలో గట్టిగా మాట్లాడటం: పాఠ్యాంశాలు ఇవి. కోర్సు బాగుంటుంది, వెళ్ళినవాళ్ళు మంచి మార్కులే వేస్తారు. కాకపోతే దాని పునాదిలో ఒక మాట పలకకుండా ఉండిపోయింది: లోపం ఆడవాళ్ళలోనే ఉంది, సరిచేయాల్సింది వాళ్ళనే. ప్రతిఘటించేవాళ్ళకు ఈ కోర్సంటే అందుకే ముద్దు. ఖర్చు కనబడుతుంది, ఫొటోలు వస్తాయి, ప్రమోషన్ పద్ధతిలో ఒక్క గీత కూడా చెరగదు. ఎనిమిది రూపాల్లో నాలుగోదానికి, అంటే విదిలింపుకు, ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకదు.

అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. వేరే విభాగాల్లో ఎవరేం చేస్తున్నారో తెలియడం, పరిచయాలు పెరగడం నిజమైన లాభాలే. కొనేముందు అమ్మేవాళ్ళను ఒక్క అంకె అడగండి: పాత బ్యాచ్‌ల నుంచి ఎంతమంది ఏడాదిన్నరలోపు లాభనష్టాల బాధ్యత ఉన్న పోస్టులోకి వెళ్ళారు? సంతృప్తి స్కోరు చూపించి మాట మారిస్తే సంగతి అర్థమైనట్టే.

మెంటార్లకూ స్పాన్సర్లకూ తేడా ఇక్కడే తేల్చుకోవాలి. మెంటార్ సలహా చెబుతాడు. స్పాన్సర్ ఆమె లేని గదిలో ఆమె పేరు ఎత్తుతాడు. హెర్మీనియా ఇబారా, ఆమె సహరచయితలు 2010లోనే గమనించిన సంగతి ఇది: మహిళలకు మెంటార్లు కావలసినంతమంది, స్పాన్సర్లే కరువు. ప్యాకేజీలో 'మెంటార్' అని ఉన్నచోట 'స్పాన్సర్' అని పేరు మార్చి రాస్తే సరిపోదు, పని రాయాలి. స్పాన్సర్ ఆమెకన్నా రెండు మెట్లు పైన ఉండాలి, ఆమె సొంత బాస్ కాకూడదు, ఒక్కో స్పాన్సర్‌కు ఇద్దరిని మించి అప్పగించకూడదు. ఆరు నెలల్లో మూడు పనులు కాగితం మీద తేలాలి: ఆమెకు పైవాళ్ళ కంట పడే పని ఒకటి ఇప్పించడం, ఒక ప్యానెల్లో పేరు ప్రతిపాదించడం, బడ్జెట్ చేతిలో ఉన్న ఒకరితో కలిపి పని చేయించడం. కాఫీ మీటింగుల లెక్క వీటిలో రాదు.

అంకెల డాష్‌బోర్డ్

మంచి పనిముట్టు, చెడ్డ వాడకం. పైన కనిపించే మొత్తం శాతం దేనికీ పనికిరాదు. కింది స్థాయిలో నియామకాలు పెంచితే ఆ అంకె పెరుగుతుంది, పైన ఎవరూ కదలకపోయినా.

ఒక ఊహాలెక్క చూడండి. ఒక స్థాయిలో ప్రమోషన్‌కు అర్హులు 60 మంది పురుషులు, 20 మంది మహిళలు. ప్రమోషన్ వచ్చింది 12 మంది పురుషులకు, ముగ్గురు మహిళలకు. డాష్‌బోర్డ్ ఏం రాస్తుంది? "ప్రమోషన్లలో 20 శాతం మహిళలు." వినడానికి బాగానే ఉంది. అర్హుల నుంచి లెక్కేస్తే పురుషుల్లో 20 శాతం మందికి వచ్చింది, మహిళల్లో 15 శాతం మందికే. ఏటా ఇదే తేడా ఉండి, ఇలాంటి మెట్లు నాలుగు ఉంటే పైమెట్టు దగ్గరికి వచ్చేసరికి మహిళల అవకాశం పురుషులతో పోలిస్తే మూడో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒప్పందంలోనే రాయించుకోండి: ప్రతి మెట్టుకూ విడిగా, వచ్చినవాళ్ళు, పైకి వెళ్ళినవాళ్ళు, మానేసినవాళ్ళు, ఒక్కో గ్రేడులో ఎన్నేళ్ళున్నారో కూడా. ఐదుగురికన్నా తక్కువ ఉన్న గళ్ళను మనిషి గుర్తు తెలియకుండా మూసేయాలి, మూడేళ్ళ అంకెలు కలిపితే ఆ గడి మళ్ళీ చదవడానికి వీలవుతుంది.

పదవుల రకం కూడా చూడాలి. హెచ్ఆర్, ప్రచార విభాగం, న్యాయ విభాగం అధిపతులుగా మహిళలను వేసి 'నాయకత్వంలో వాటా పెరిగింది' అని చూపించడం సులువు. అమ్మకాలు, ఉత్పత్తి, ఆర్థిక నిర్ణయాలు చూసే పోస్టులను విడి గడిలో పెట్టమంటే నిజం బయటపడుతుంది. హోదా పేరు పెంచి జట్టునూ బడ్జెట్‌నూ పెంచకపోవడం ఇంకో కిటుకు.

ప్రమోషన్ యంత్రాంగాన్ని విప్పడం

అసలు సరుకు ఇది. ప్యాకేజీ డబ్బులో సగమైనా దీనికే పోవాలి.

మొదటి పని: పేర్లు రాకముందే కొలతలు రాయడం. ఎరిక్ ఉల్మన్, జెఫ్రీ కోహెన్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో పోలీసు చీఫ్ పదవికి ఇద్దరిని పోల్చమన్నారు. ఒకరికి చదువుంది, ఒకరికి వీధి అనుభవముంది. పురుషుడికి ఏ అర్హత ఉంటే ఆ అర్హతే ముఖ్యమన్న తీర్పు వైపు జనం జరిగారు. ఏది ముఖ్యమో ముందే రాయించి, తర్వాత మనుషులను చూపించినప్పుడు ఆ తేడా పోయింది. ఇంత చవకైన మందు ఇంకోటి లేదు. నాలుగైదు కొలతలు, ఒక్కోదానికి తూకం, ఒక్కోదానికి ఏ పని రుజువుగా ఒప్పుకుంటారో ఒక వాక్యం. ఈ కాగితం మీద ప్యానెల్ సంతకాలయ్యాకే పేర్ల కవరు తెరవాలి.

రెండోది: దరఖాస్తు పద్ధతి. చేయెత్తినవాళ్ళనే చూసే పద్ధతిలో ముందే ధీమా ఉన్నవాళ్ళు గెలుస్తారు. గ్రేడులో నిర్ణీత కాలం నిండిన అందరి పేర్లూ వాటంతట అవే జాబితాలోకి రావాలి, వద్దనుకున్నవాళ్ళు రాసిచ్చి తప్పుకోవాలి. ఇది హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్లో ఒక సెట్టింగు, అంతే.

మూడోది: చివరి షార్ట్‌లిస్టు. నలుగురి జాబితాలో ఒక్క మహిళ ఉంటే ఆమె 'ఆ మహిళ' అవుతుంది, అభ్యర్థి అవదు. రోసాబెత్ మోస్ కాంటర్ 1977లోనే, గుంపులో చాలా తక్కువగా ఉన్నవాళ్ళు మనుషులుగా కాక గుర్తులుగా ఎలా కనబడతారో వివరించింది. షార్ట్‌లిస్టులో కనీసం ఇద్దరు ఉండాలన్న నియమం పెడితే, రెండో పేరు కోసం వెతకడమే వెతికే వలయాన్ని పెద్దది చేస్తుంది. ఇక్కడ ప్రతిఘటన వచ్చే దారి కూడా ముందే తెలుసుకోవాలి: ఎలాగూ ఎంపికవని పేరొకటి నింపి నియమం పాటించామంటారు. ఏడాది చివర్లో, షార్ట్‌లిస్టులోకి వచ్చిన మహిళలకు కొలతల్లో పడిన మార్కులు చూస్తే ఆ పేర్లు ఎలాంటివో తెలిసిపోతుంది.

నాలుగోది అప్రైజల్ ఫారంలోని 'సామర్థ్యం' గడి, అంటే ముందు ముందు ఎంత ఎదుగుతారన్న అంచనా. ఒక పెద్ద రిటైల్ సంస్థ రికార్డులను పరిశీలించిన అలన్ బెన్సన్, డానియెల్ లీ, కెల్లీ షూ చూసింది ఇది: చేసిన పనికి మహిళలకు సగటున పురుషులకన్నా మంచి మార్కులే పడ్డాయి, రాబోయే సామర్థ్యానికి మాత్రం తక్కువ పడ్డాయి. ప్రమోషన్ తూగేది ఆ రెండో గడి మీదే. ఆ గడి తీసేయడమన్నా చేయాలి, లేదంటే జరిగిన పని నుంచి రెండు రుజువులు రాయకుండా మార్కు పడనివ్వకూడదు. చాలా సంస్థలు తీయడానికి ఒప్పుకోవు, రుజువుల షరతుకు ఒప్పుకుంటాయి. అదైనా నయమే.

ఐదోది కాలిబ్రేషన్ మీటింగ్, అంటే అందరి మార్కులనూ ఒకచోట పెట్టి పోల్చి సరిచూసే సమావేశం. మార్కులు ఎవరికి వారు ఒకరోజు ముందే పంపాలి. గదిలో అందరికన్నా చిన్న హోదావాళ్ళు ముందు మాట్లాడాలి, అధిపతి చివర. ఒక్కో పేరుకు ఒకే సమయం, గడియారం పెట్టుకుని. అన్నిటికన్నా ముఖ్యం ఇది: "ఆమె ఇంకా సిద్ధంగా లేదు" అన్న మాటను ఉత్తినే రాయనివ్వకూడదు. ఏ అనుభవం తక్కువైంది, ఆ అనుభవం ఇచ్చే పనిని ఎవరు అప్పగిస్తారు, ఏ తేదీలోగా, ఈ మూడూ రాస్తేనే ఆ వాక్యం చెల్లుతుంది. ఈ ఒక్క నిబంధన పెట్టి చూడండి, 'సిద్ధంగా లేని'వాళ్ళ సంఖ్య ఎలా తగ్గుతుందో.

ఎక్కడ చెడుతుందంటే, ఫారాలను వెనక నుంచి నింపడంలో. ముందు మనిషిని అనుకుంటారు, తర్వాత ఆ మనిషికి సరిపడేలా మార్కులు వేస్తారు. పట్టుకునే గుర్తులు రెండు: ఫారాలన్నీ మీటింగ్ అయిపోయిన పూట సేవ్ అయి ఉండటం, గెలిచినవారికి ప్రతి కొలతలోనూ మొదటి ర్యాంకే రావడం. నిజంగా తూచితే మనుషులు ఒకచోట పైన, ఒకచోట కింద ఉంటారు. ఈ కాగితాలను ఏటా ఆ విభాగంతో సంబంధం లేని ఒకరు తిరగేయాలి. కాస్టిల్లా 2015లో ఒక పెద్ద కంపెనీ గురించి రాసినదాంట్లో, జీతాల నిర్ణయాలకు జవాబుదారీ కమిటీని పెట్టి అంకెలు పైవాళ్ళకు కనబడేలా చేశాక, అదే పనికి అదే రేటింగ్ ఉన్నవాళ్ళ మధ్య జీతాల తేడా తగ్గింది. మనసులు మారాయో లేదో తెలియదు, చేతులు జాగ్రత్తపడ్డాయి.

కోటా, లక్ష్యం, వాటిని దాటే దారులు

కన్సల్టెంట్లు ఈ మాట ఎత్తడానికి జంకుతారు, కస్టమరు బెదిరిపోతాడని. నార్వే పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డులకు 40 శాతం నియమాన్ని 2003లో చట్టంగా తెచ్చి, 2008 కల్లా పాటించకపోతే కంపెనీ రద్దే అంది. అంకె చేరింది. మేరియాన్ బెర్‌ట్రాండ్, ఆమె సహచరులు తర్వాత వెళ్ళి చూస్తే, బోర్డులో వచ్చిన మార్పు అవే కంపెనీల కింది మెట్లలోని మహిళలకు పెద్దగా దిగలేదు. పైన నీళ్ళు పోస్తే వేరు దాకా పోతాయనుకోవడం ఇక్కడ తేలిపోయింది. భారతదేశంలో 2013 కంపెనీల చట్టం నిర్దిష్ట తరగతుల కంపెనీలకు ఒక మహిళా డైరెక్టరును తప్పనిసరి చేస్తే, కొన్ని కంపెనీలు ప్రమోటర్ల ఇంటి ఆడవాళ్ళనే కూర్చోబెట్టాయి. ఎనిమిది రూపాల్లో ఐదోది ఇదే. తర్వాత స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ, మార్కెట్ విలువలో మొదటి 500 లిస్టెడ్ కంపెనీలకు 2019 ఏప్రిల్ 1 నుంచి, మొదటి 1000 కంపెనీలకు 2020 ఏప్రిల్ 1 నుంచి, ఆ మహిళ ప్రమోటర్లతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టరు అయి ఉండాలంది.

నియమానికి ఎప్పుడూ ఒక సందు ఉంటుంది, దాన్ని మూయడానికి రెండో నియమం కావలసి వస్తుంది. కాబట్టి మీ సంస్థకు లక్ష్యం పెట్టే కన్సల్టెంటు, దాన్ని ఎలా ఎగ్గొడతారో కూడా మొదటిరోజే రాసి ఇవ్వాలి. అది రాయలేని వాళ్ళకు ఈ పని తెలియదు.

మధ్యస్థాయి మేనేజరు

కార్యక్రమం ఆగిపోయేది ఎక్కువగా ఇతని దగ్గరే, ఇతన్ని విలన్‌గా చూపించడం మాత్రం అన్యాయం. జట్టులో ఒకావిడ నెలకు రెండు రోజులు కోర్సుకు పోతుంది, బదులు మనిషిని ఇవ్వరు, టార్గెట్ తగ్గించరు. అతను "ఈ నెల కుదరదమ్మా, వచ్చే బ్యాచ్ చూద్దాం" అంటాడు. ఇది భావజాలం కాదు, షిఫ్టు చార్టు. బదులు మనిషిని ఇవ్వండి, ఈ రకం ప్రతిఘటన చాలా వరకు తగ్గిపోతుంది.

ఇంకో భయం లెక్కకు సంబంధించింది. పై సీట్లు పెరగనప్పుడు ఒకరికి రావడమంటే ఇంకొకరికి రాకపోవడమే. "అందరూ గెలుస్తారు" అని నవ్వుతూ చెప్పే ఫెసిలిటేటర్ ఆ క్షణంలోనే గది నమ్మకం పోగొట్టుకుంటాడు, వింటున్నవాళ్ళకు కూడికలు తీసివేతలు వచ్చు కాబట్టి. నిజం చెప్పడమే మేలు: ఇన్నాళ్ళూ సగంమందితోనే పోటీ పడ్డారు, ఇకపై అందరితో పడతారు, కొలతలు ఇవిగో, మీకు ఎందుకు రాలేదో కూడా కాగితం మీద చెబుతాం. రాతపూర్వక కారణం మగవాళ్ళకూ ఉపయోగమే. ప్యానెల్లో తన పేరు ఎత్తేవాళ్ళు లేక ఏళ్ళ తరబడి ఆగిపోయిన మగవాళ్ళూ ప్రతి సంస్థలో ఉంటారు. వాళ్ళను ఈ వైపు తెచ్చుకోవడం చాలా ప్యాకేజీలకు తోచనే తోచదు.

కార్యక్రమానికి ముందు ఎవరు నిలబడాలన్నది ఇంకో ప్రశ్న. మామూలుగా ఒక సీనియర్ మహిళకు అప్పగిస్తారు. డేవిడ్ హెక్‌మన్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వైవిధ్యం కోసం గట్టిగా నిలబడిన మహిళలకు, తెల్లజాతేతరులకు అప్రైజల్ మార్కులు తగ్గాయి. అదే పని చేసిన తెల్లజాతి మగవాళ్ళకు తగ్గలేదు. అంటే ఆ బాధ్యత ఆమెకు ఇవ్వడమే ఆమెకు జరిమానా. లాభనష్టాలు చూసే పురుష అధిపతి ఒకరి పేరు మీద ఇది ఉండాలి, అతని బోనస్ కొలతల్లో ఒక వరసగా. కమిటీలో పనిచేసే మహిళల గంటలను పనిగా లెక్కగట్టి, వేరే పని అంతమేర తగ్గించాలి. లేకపోతే సమానత్వం కోసం జరిగే చాకిరీ అంతా మళ్ళీ వాళ్ళ నెత్తినే పడుతుంది.

వెనక్కి లాగడం గురించి కూడా రెండు మాటలు. మిషెల్ రయన్, అలెక్స్ హాస్లమ్ 2005లో చూపించారు: కంపెనీ కష్టాల్లో ఉన్నప్పుడు మహిళలను పై పదవికి తెచ్చే ధోరణి ఉంది. ముందు గొయ్యి, వెనక నుయ్యి. అక్కడ దెబ్బతింటే "చూశాం కదా" అనే మాట ఆ సంస్థలో చాలాకాలం తిరుగుతుంది. నియామకాల జాబితా పక్కన ఆ విభాగం అప్పటి పరిస్థితిని కూడా డాష్‌బోర్డులో పెట్టమనండి. సీఈఓ మారినప్పుడు కార్యక్రమం 'ఉద్యోగుల సంక్షేమం'లో కలిసిపోకుండా ఉండాలంటే, ప్రమోషన్ నియమాలు కరపత్రంలో కాదు, బోర్డు కమిటీ విధివిధానాల్లో ఉండాలి. వాటిని తీసేయాలంటే ఎవరో ఒకరు చేయెత్తి ఓటు వేయాలి.

కొనేవాళ్ళకు

వరస ఇలా పెట్టుకోండి. మొదటి రెండు నెలలు మెట్లవారీ అంకెలు తీయడం, పాత ఫారాలు చదవడం. మూడో నెల కొలతలు, ఫారం, మీటింగ్ నియమాలు. తర్వాత ప్యానెల్ సభ్యులకు గంటన్నర శిక్షణ. ఒక ప్రమోషన్ విడత అయ్యాక స్పాన్సర్ల జతలు. మహిళల కోర్సు కావాలంటే అన్నిటికన్నా చివర. అమ్మేవాళ్ళు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు, ఎందుకంటే హాలూ స్లైడ్లూ ముందే సిద్ధంగా ఉంటాయి, మీ ఫారాలు చదవడానికి మాత్రం మనిషి కూర్చోవాలి.

ఒప్పందంలో ఆఖరి వాయిదాను వర్క్‌షాప్ ముగింపుకు కాకుండా రెండు ప్రమోషన్ విడతల తర్వాతి అంకెలు చేతికొచ్చే రోజుకు కట్టండి. అంకెలు పెరగాలని షరతు పెట్టకండి, పెట్టారంటే అంకెలే తయారవుతాయి. మెట్లవారీ లెక్క, రాతపూర్వక కారణాలు, వెనక నుంచి నింపిన ఫారాల తనిఖీ, ఈ మూడూ బోర్డు కమిటీ ముందు పెట్టడమే షరతు. దీనికి ఒప్పుకోకుండా వర్క్‌షాప్ ఒక్కటే తీసుకోమనే వాళ్ళ దగ్గర ఆ ఒక్కటీ తీసుకోకండి.